రోబోలు ఖాళీగానే ఉన్నా ఆర్డర్లు కదలడం లేదా?

గంటకు తయారయ్యే ఆర్డర్లు తగ్గగానే రోబోలు చాలడం లేదని, మరో నాలుగు తెప్పించాలని అనడం ప్రతి గోడౌన్‌లోనూ వింటున్నాను. ఆ మాటకు ముందు ఎవరైనా పది నిమిషాలు పికింగ్ స్టేషన్ (రోబోలు మోసుకొచ్చిన ర్యాకుల్లోంచి మనిషి సరుకు తీసి ఆర్డరు సిద్ధం చేసే చోటు) పక్కన నిలబడి, ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో గమనించారా అని అడిగితే జవాబు రాదు.

ర్యాకులు మోసుకొచ్చిన రోబోలు స్టేషన్ ముందు బారులు తీరితే ఆలస్యం మనిషి దగ్గరుంది. స్కానరునో, ఖాళీ డబ్బాల సరఫరానో సరిచేస్తే చాలు. రోబోలు దారిలో ఆగుతుంటే నేలను చూడాలి. నేల మీద అతికించిన క్యూఆర్ స్టిక్కర్లను అడుగున ఉన్న కెమెరాతో చదువుతూనే అవి దారి తెలుసుకుంటాయి. వేర్వేరు రోబోలు ఒకే చోట ఆగితే అక్కడి క్యూఆర్ స్టిక్కరు చెరిగినట్టు, ఒకే రోబో వేర్వేరు చోట్ల ఆగితే దాని అడుగు కెమెరాకు దుమ్ము పట్టినట్టు. అనంతపురం ఎండాకాలంలో షట్టరు పక్క వరుసను రోజూ పొడిగుడ్డతో తుడవక తప్పదు.

మనిషీ ఖాళీగా ఉండి, రోబోలూ ఖాళీగా ఉంటే అది వేరే కథ. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఒక వ్యవసాయ విడిభాగాల గోడౌన్‌లో ఇదే నన్ను రెండు వారాలు తిప్పలు పెట్టింది. జూన్‌లో వేరుశనగ విత్తే అదనుకు విత్తన గొర్రు పైపుల ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి. ఛార్జింగ్ నిండుగా ఉంది, రోబోలు తిరిగే దూరం కూడా తక్కువే, రిపోర్టులో ఎక్కడా ఎర్రగీత లేదు. వై-ఫైని అనుమానించాను, సర్వరును రెండుసార్లు ఆపి నడిపించాను. చివరికి మూడు స్టేషన్ల స్క్రీన్లనూ వరుసగా చూస్తే, మూడింటి మీదా ర్యాకు 117 కోసమే నిరీక్షణ కనిపించింది. సరుకు సర్దేవారు పెట్టె విప్పిన చోటే పైపులన్నీ ఒకే ర్యాకులో పేర్చేశారు. ఒక ర్యాకు ఒక సమయంలో ఒక్క స్టేషన్ ముందే ఉండగలదు కనుక, ఎన్ని రోబోలు కొన్నా మిగిలిన రెండు స్టేషన్లు చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

జోరుగా పోయే ప్రతి సరుకునూ కనీసం స్టేషన్లు ఎన్నో అన్ని ర్యాకులలోకి, వీలైతే ఇంకొక దానిలోకి కూడా పంచాలి. సర్దేవారి మంచితనాన్ని నమ్ముకోకుండా, ఒక్కో ర్యాకులో ఒక సరుకు ఎన్నింటికి మించరాదో సాఫ్ట్‌వేర్‌లోనే పరిమితి పెట్టాలి. పైపులు, వాటి బోల్టుల వలె కలిసి అడిగేవి ఒకే ర్యాకులో ఉంటే ఒక ప్రయాణం ఆదా అవుతుంది. సంబంధం లేని రెండు జోరు సరుకులను మాత్రం ఒకచోట చేర్చితే మళ్లీ అదే పోటీ మొదలవుతుంది. ఈ మార్పును సీజనుకు ముందే, క్రితం నెల లెక్కలతో కాక నిరుడు అదే నెల ఆర్డర్ల లెక్కలతో, రాత్రి ఆర్డర్లు పలచబడిన వేళ చేయాలి.

పాతబడిన బ్యాటరీలు, అరిగిన చక్రాలు, సాఫ్ట్‌వేర్ లోపాలు కూడా ఉంటాయి, కానీ అవి అరుదు. పైవన్నీ చూశాకే సరఫరాదారుకు ఫోన్ చేయండి.