సైక్లోన్ సిమ్యులేషన్‌లో రేణువులు దారి తప్పితే

చిత్తూరు వైపు ఒక కంకర క్రషర్‌కు ధూళి పట్టే సైక్లోన్ (గాలిని సుడి తిప్పి ధూళిని విడదీసే పరికరం) కావాలంటే, తిరుపతిలో కూర్చుని కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేశాను. మొదటి వారమంతా రేణువుల సెట్టింగులే మారుస్తూ పోయాను. తీరా చూస్తే దోషాలు చాలావరకు వేరేచోట ఉన్నాయి.

సమస్య: వెయ్యి రేణువులు వదిలితే మూడు వందలు ‘ఇన్‌కంప్లీట్’గా తేలాయి.
కారణం: అవి పట్టుబడనూ లేదు, తప్పించుకోనూ లేదు, వాటి లెక్కే మధ్యలో ఆగింది. ఫ్లూయెంట్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రేణువు దారిని ఎన్ని అడుగుల వరకు లెక్కించాలో చెప్పే గరిష్ఠ సంఖ్య, పాత వెర్షన్లలో మనం మార్చకపోతే 500. సుడిలో చుట్లు తిరిగే రేణువుకు అది ఏ మూలకూ చాలదు.
పరిష్కారం: 50,000కు పెంచండి. అప్పటికీ మిగిలితే ఇక పెంచకుండా, ఆ రేణువుల దారి గీయించి చూడండి. గురుత్వం ఆన్‌లో ఉందా, దిశ సరైనదేనా అన్నదీ చూడండి. అన్నీ సరిగానే ఉండి, సైక్లోన్ కింది శంకువు గోడ మీద ఒకే ఎత్తులో గిరగిరా తిరుగుతున్నాయంటే అది లెక్క తప్పు కాకపోవచ్చు. ఏటవాలు గోడ మీద అపకేంద్ర బలం రేణువును పైకి తోస్తుంది. గురుత్వమూ, దిగే గాలీ కిందికి లాగుతాయి. రెండూ సరితూగిన చోట ధూళి వలయం కడుతుంది. నిజమైన సైక్లోన్లలోనూ ఇది కనిపిస్తుంది. వీటిని పట్టుబడినవాటిలో కలిపేసి సామర్థ్యం పెంచి చూపడం నాకు నచ్చదు, విడిగా రాయండి.

సమస్య: 1 మైక్రాన్ ధూళి కూడా నూటికి నూరు పాళ్లూ పట్టుబడుతోంది.
కారణం: సంతోషించకండి, గోడలకు కూడా ‘ట్రాప్’ (తాకిన రేణువు పట్టుబడినట్టే లెక్క) పెట్టి ఉంటారు.
పరిష్కారం: అడుగున ధూళి పడే నోటికి మాత్రమే ట్రాప్, గోడలకు రిఫ్లెక్ట్ (తాకి వెనక్కి ఎగరడం), పై గొట్టానికి ఎస్కేప్ (తప్పించుకుపోవడం). టర్బులెన్స్ (గాలిలోని అల్లకల్లోలం) వల్ల రేణువులు చెదిరే ఎంపికనూ ఆన్ చేయండి.

సమస్య: కట్ సైజుకు (సగం రేణువులు పట్టుబడే సైజు), కొలతలకు పొంతన లేదు.
కారణాలు రెండు. మొదటిది గాలి. సైక్లోన్‌లో గాలి తిరుమల ఘాట్ రోడ్ల లాంటిది: దిగేందుకు ఒకటి, ఎక్కేందుకు ఒకటి. గోడ పక్కన దిగే సుడి, నడుమ ఎక్కే సుడి. టాంజెన్షియల్ వేగం (గాలి గుండ్రంగా తిరిగే వేగం) నడుమ నుంచి పెరిగి, ఒక శిఖరం తాకి, గోడ వైపు తగ్గాలి. టర్బులెన్స్‌ను లెక్కించే స్టాండర్డ్ కె-ఎప్సిలాన్ మోడల్ మాత్రం సుడి అంతా ఒకే గట్టి ముద్దగా తిరుగుతున్నట్టు చూపిస్తుంది. రేనాల్డ్స్ స్ట్రెస్ మోడల్‌కు మారండి; రేణువులను వదిలే ముందే ఆ వేగం గ్రాఫు చూసుకోండి.

రెండోది సాంద్రత. ఇక్కడ నేనే బోల్తా పడ్డాను. ధూళిని డబ్బాలో పోసి తూచి, ఘనమీటరుకు 1,300 కిలోలని ఇచ్చాను. డబ్బాలో దాదాపు సగం గాలే! గ్రానైట్ రాయి సాంద్రత సుమారు 2,650. కట్ సైజు సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి నాకు అది అసలుకు దాదాపు 1.4 రెట్లు వచ్చింది.

సమస్య: నడిపిన ప్రతిసారీ జవాబు మారుతోంది.
కారణం: రేణువులు తక్కువై ఉండవచ్చు, లేదా సుడి నడిమి భాగం బొంగరంలా ఊగుతూ ఉండవచ్చు.
పరిష్కారం: ఒక్కో సైజుకు ఎక్కువ రేణువులు వదలండి. అప్పటికీ నిలకడ రాకపోతే కాలంతో మారే ప్రవాహంగా నడిపి, సగటు తీయండి.