ఇంగ్లండ్ వార్డులో నర్సుగా కొత్తగా చేరారా? ఈ ట్రైనింగ్ ఎగ్గొట్టకండి

ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) చేరగానే బోలెడు మాండేటరీ ట్రైనింగులు నెత్తిన పడతాయి, అందులో కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్ (గొడవ ముదరకుండా సర్దడం) అని ఒకటుంటుంది, చాలామంది క్లిక్కులు కొట్టేసి అయిందనిపిస్తారు. నేనూ అంతే. మన క్యాజువాలిటీలో పనిచేసి వచ్చినదాన్ని, నాకు వీళ్లేం నేర్పుతారులే అనుకున్నా.

మన దగ్గర గొడవంటే పేషెంటు తాలూకు వాళ్లు, పదిమంది ఒక్కసారిగా మీదికొస్తారు. ఇక్కడ వార్డులో చెయ్యెత్తేది ఎక్కువగా పేషెంటే. డెలీరియంలో (జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం) ఉన్న ఒక ముసలాయన రాత్రి మూడింటికి ఇంటికి పోతానని లేస్తే, అలవాటు కొద్దీ భుజం పట్టుకుని పడుకోబెట్టబోయా, మెడలో లాన్యార్డ్ (ఐడీ కార్డు తాడు) పట్టుకుని ఒక్క లాగు లాగాడు. లాగితే ఊడిపోయే క్లిప్పు ఉంది కాబట్టి బతికిపోయా (స్టెతస్కోప్ మెడలో వేసుకుని తిరిగే అలవాటుంటే మానుకోండి). తర్వాత హెల్త్‌కేర్ అసిస్టెంట్ వచ్చి, ఆయన్ని ముట్టుకోకుండా, కుర్చీ లాక్కుని కూర్చుని, మీ ఇల్లెక్కడ, ఇంట్లో ఎవరుంటారు అని అడిగింది. కాసేపటికి ఆయన టీ తాగుతున్నాడు.

బ్రేక్‌అవే (పట్టు విడిపించుకునే) క్లాసు పెడితే మాత్రం తప్పకుండా వెళ్లండి, వీడియో చూస్తే వచ్చేది కాదది. మణికట్టు పట్టుకుంటే వెనక్కి గుంజుకోకూడదు, వాళ్ల బొటనవేలి వైపుకి తిప్పి లాగాలి, పట్టు వదులయ్యేది అక్కడే. జుట్టు పట్టుకుంటే ఆ చేతిని మీ రెండు చేతులతో తలకే అదిమిపెట్టి అరవాలి. పేషెంటును పట్టి ఆపడానికి వేరే ట్రైనింగ్ ఉంటుంది, అది లేకుండా దిగొద్దు.

దెబ్బ తగిలితే అదే షిఫ్టులో డేటిక్స్ (ఘటనలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) రాయండి, మీ ట్రస్టులో (ఆస్పత్రిని నడిపే సంస్థ) ఇంకేదైనా వాడితే అందులో. "పాపం పెద్దాయన, పోనీలే" అని కొందరు, వీసా టెన్షన్‌తో కొందరు వదిలేస్తారు. రాయడం చాడీ చెప్పడం కాదండీ, ఆ పేషెంటుకి ఒక మనిషిని పక్కన పెట్టమని అడగడానికి అదే ఆధారం. "మీ దేశానికి పో" అన్నా రాయాల్సిందే.

తాగొచ్చి తెలిసే కొట్టినవాడి సంగతి వేరు. ఎమర్జెన్సీ వర్కర్ల మీద దాడికి 2018లో ఇక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది, ఎన్‌హెచ్‌ఎస్ నర్సులూ అందులోకే వస్తారు, 2022లో గరిష్ఠ శిక్షను ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. పోలీసులకు చెప్పండి. మేనేజర్ "ఎందుకులే" అన్నా సరే.

మొదటి షిఫ్టులోనే సెక్యూరిటీ నంబరు అడిగి బ్యాడ్జి వెనక రాసుకోండి. 2222 అనుకుని కొట్టేరు, మామూలుగా అది కార్డియాక్ అరెస్టుకి.