‘ఏ కంపెనీ మంచిది?’ అని అడిగే ముందు: ఫోను కొనేవాళ్లకి

ఫోను మార్చాలనుకుంటున్నానని నోరు జారితే చాలు, ఇంట్లో బావ దగ్గర నుంచి టీ కొట్టు దగ్గర కూర్చునే మాస్టారి దాకా అందరూ సలహా ఇచ్చేస్తారు. ఒకాయన "సామ్‌సంగ్ తప్ప ఇంకోటి ముట్టుకోకు" అంటాడు, ఇంకొకాయన "చైనా ఫోన్లు కొనీసి దేశం మీద అభిమానమంటారేటి" అంటాడు, మూడో ఆయన "ఏ ఫోనైనా మన మాటలన్నీ వింటాది బాబూ" అని తేల్చేస్తాడు. ఒకరు చెప్తున్నది మన్నిక గురించి, ఇంకొకరు రాజకీయం గురించి, మూడో ఆయన మన సమాచారం గురించి. ఎవరేం చెప్పినా అది ఈ మూడింటిలో దేని గురించో ముందు చూసుకోండి, లేకపోతే రాజకీయం మాట విని మన్నిక లేని ఫోను కొనేస్తారు.

మన్నిక సంగతి ముందు, డబ్బులు పోయేది అక్కడే కాబట్టి. కంపెనీ పేరు వదిలేసి మోడల్ పేరు పట్టుకోండి. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుంటుంటే సామ్‌సంగ్ ఆ ఫోన్లన్నీ వెనక్కి తీసుకుని తయారీయే ఆపేసింది. ఆ సామ్‌సంగే 2024లో ఎస్24 ఫోన్లకి ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామంది. ఆపిల్ అయితే బ్యాటరీ బలహీనపడ్డ పాత ఐఫోన్ల వేగం తనే తగ్గిస్తున్నానని 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఏ కంపెనీకైనా మంచి ఏడాదీ ఉంటుంది, చెడ్డ మోడలూ ఉంటుంది. అప్‌డేట్ల విషయంలో ఒక చిక్కు ఉంది, దాన్ని షాపువాడు చెప్పడు: కంపెనీలు ఆ ఏళ్లని సాధారణంగా మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కేస్తాయి, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ల కిందటి మోడల్ పండగ ఆఫర్లో చవగ్గా వస్తోందంటే దాని అప్‌డేట్లలో రెండేళ్లు అప్పటికే అయిపోయినట్టే.

అడగాల్సినవాళ్లలో మొదటివాడు రిపేరు షాపు కుర్రాడు. విజయనగరం కోట చుట్టుపక్కల గానీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు గానీ ఏ షాపుకైనా వెళ్లి నిలబడండి. కానీ "ఏది ఎక్కువ పాడవుతుంది" అని మాత్రం అడక్కండి. అతని బల్ల మీదకి పాడైనవే వస్తాయి, ఎక్కువ అమ్ముడయ్యే బ్రాండే ఎక్కువ వస్తుంది, దాన్నిబట్టి అది చెత్తదని అనుకుంటే లెక్క తప్పుతుంది. "ఈ మోడల్‌కి డిస్‌ప్లే దొరుకుతుందా, ఎంతవుతుంది, చార్జింగ్ పిన్ పోతే దానొక్కటే మారుస్తారా, బోర్డంతా మార్చాలా" అని అడగండి, అప్పుడు పనికొచ్చే జవాబు వస్తుంది. ఫోను ధరలో సగం డిస్‌ప్లేకే అవుతుందంటే అది చవక ఫోను కాదు.

యూట్యూబ్‌లో మొదటి వారం వచ్చే రివ్యూలు బాక్సులో ఏముందో చూడ్డానికి తప్ప మన్నికకి పనికిరావు, చాలాసార్లు ఆ ఫోను కంపెనీ పంపిందే. డబ్బో వస్తువో తీసుకుని చెప్తే ఆ మాట స్పష్టంగా చూపించాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ మాట కోసం వీడియో మీదా కింద వివరణలోనూ వెతకండి. ఆన్‌లైన్ షాపుల్లో అయిదు నక్షత్రాలూ ఒక నక్షత్రం వదిలేసి రెండు, మూడు నక్షత్రాలవి చదవండి, అందులోనూ "ఆరు నెలలు వాడాక" అని రాసినవి. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లలో చాలామంది డెలివరీ లేటయిందని కోపం మీద ఉంటారు. మోడల్ పేరు పక్కన "గ్రీన్ లైన్" అని పెట్టి ఒకసారి వెతకండి, తెర మీద నిలువు గీత పడే జబ్బు ఇది, కొన్ని మోడళ్లలో అప్‌డేట్ తర్వాత వచ్చిందని చాలామంది ఫిర్యాదు చేశారు.

సర్వీస్ సెంటర్ ఎక్కడుందో డబ్బు కట్టకముందే చూసుకోండి. ఇచ్ఛాపురం వాళ్లకి శ్రీకాకుళమే వంద కిలోమీటర్ల పైన, ఇక విశాఖ వెళ్లాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. గల్ఫ్ నుంచి మనవాళ్లు తెచ్చే ఫోన్లకి ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి తెలుసుకోండి, చాలావాటికి ఉండదు. భావనపాడు, కళింగపట్నం లాంటి ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి చార్జింగ్ పోర్టులు తొందరగా తుప్పు పడతాయి. ఐపీ68 అని, అంటే నీళ్లకీ దుమ్ముకీ తట్టుకుంటుందని, బాక్సు మీద ఉన్నా లోపలికి నీళ్లు పోతే వారంటీ ఇవ్వమని చాలా కంపెనీలు చిన్న అక్షరాల్లో రాసే ఉంచుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఆ వైపు వాళ్లకి కెమెరా కన్నా బ్యాటరీ ముఖ్యమంటే నేను కాదనను.

రాజకీయం మీ ఇష్టం, కానీ తెలిసి తీసుకోండి. గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్, షేర్‌ఇట్, యూసీ బ్రౌజర్‌తో సహా 59 చైనా యాప్‌లని నిషేధించింది, చైనా కంపెనీల ఫోన్ల అమ్మకం మాత్రం ఆగలేదు. షావోమీ ఫోన్లు 2015 నుంచే మన రాష్ట్రంలో, శ్రీసిటీలో తయారయ్యాయి, వాటిలో మొదటి ఫోనుని అప్పుడు విశాఖలోనే విడుదల చేశారు. కొనకూడదనుకుంటే కొనకండి, అది గౌరవించాల్సిన నిర్ణయమే, కానీ దాన్ని "ఆ ఫోన్లు తొందరగా పాడవుతాయి" అనే మాట కింద దాచకండి. "విదేశీ కంపెనీ వింటుంది" అని భయపడేవాళ్లు ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి: 2025 చివర్లో కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఇవ్వాలని మన టెలికాం శాఖే ఆదేశమిచ్చి, గగ్గోలు లేచాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఆ యాప్ చెడ్డదని కాదు, పోయిన ఫోనుని బ్లాక్ చేయడానికి పనికొస్తుంది, కాకపోతే వేసుకోవాలా వద్దా అన్నది మనం అనుకోవాలి.

ప్రైవసీ అంటే పెద్ద చర్చ అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో పావుగంట కూర్చుంటే చాలావరకు అవుతుంది. పర్మిషన్లు తెరిచి, మైకూ లొకేషనూ ఏ యాప్‌కి ఉన్నాయో చూసి, టార్చి యాప్‌కి కాంటాక్టులు ఎందుకో అర్థం కాకపోతే తీసేయండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ సెట్టింగ్స్‌లో యాడ్స్ అని ఉంటుంది, మనకి తగ్గ ప్రకటనలు చూపించడానికి యాప్‌లు వాడే గుర్తింపు నంబరు, అంటే అడ్వర్టైజింగ్ ఐడీ, అక్కడ డిలీట్ చేయొచ్చు. అప్పు ఇచ్చే యాప్ కాంటాక్టులు, ఫొటోలు అడిగిందంటే అక్కడితో ఆపేయండి: అవి తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది.

ఇన్ని చూసుకున్నా ఫోను పాడై, షాపువాడు కంపెనీ మీదకీ కంపెనీ షాపు మీదకీ తోస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి, అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కావలసింది ఐఎమ్‌ఈఐ నంబరు (ఒక్కో ఫోనుకి విడిగా ఉండే గుర్తింపు నంబరు) వేసిన జీఎస్టీ బిల్లు. షాపుల్లో చిన్న మిషన్ మీద కొట్టిచ్చే బిల్లు మీద అక్షరాలు నెలల్లోనే వెలిసిపోతాయి, కొన్న రోజే దాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకి పంపించి ఉంచండి.