లైనక్స్ ఆఫీసుకు ప్రింటర్, మూడో పాఠం: షాపుకు వెళ్లేముందు

గత పాఠంలో రూటర్‌లో ఒక్కో మెషీన్‌కూ మారని ఐపీ అడ్రస్ ఎలా కేటాయించాలో చూశాం. ఈసారి ఆ నెట్‌వర్క్‌లోకి ప్రింట్, స్కాన్, కాపీ మూడూ చేసే ఆల్ ఇన్ వన్ తెచ్చుకుందాం.

విశాఖలో ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో షాపుకు వెళ్లి "ఇది లైనక్స్‌కి పనిచేస్తుందా?" అని అడిగితే సరైన జవాబు దొరకడం కష్టం. వాళ్ల దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది విండోస్ వాళ్లే మరి. అందుకని ప్రశ్న మార్చండి. "దీనికి ఎయిర్‌ప్రింట్ ఉందా? మోప్రియా ఉందా?" అని అడగండి. మొదటిది ఐఫోన్ నుంచి, రెండోది ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి ప్రింట్ చేసే పద్ధతి. ఫోన్ నుంచి ప్రింట్ కావాలనేవాళ్లు అడిగేది కూడా ఇదే కాబట్టి షాపువాళ్లకు తెలిసే ఉంటుంది. చాలావాటికి డబ్బా మీదే గుర్తు ఉంటుంది.

ఫోన్ కోసం పెట్టిన సదుపాయం మనకెందుకంటే, ఫోన్‌లో ప్రతి మోడల్‌కూ ఒక డ్రైవర్, అంటే ఆ ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టలేరు. అందుకే 2010లో యాపిల్ తెచ్చిన ఎయిర్‌ప్రింట్‌లో ప్రింటరే ముందుకొచ్చి తన వివరాలు చెబుతుంది: ఏ సైజు కాగితం ఉంది, రెండు వైపులా వేయగలనా, కలర్ ఉందా. కంప్యూటర్ ఐపీపీ అనే ప్రొటోకాల్ మీద పేజీలు పంపుతుంది. 2013లో వచ్చిన ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణమూ ఇదే దారి. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ కూడా ఐపీపీలోనే మాట్లాడుతుంది. అసలు 2002 నుంచి మ్యాక్‌లలో ఉన్నదీ కప్సే, దాన్ని రాసిన మైకేల్ స్వీట్‌ను తర్వాత యాపిలే ఉద్యోగంలోకి తీసుకుంది. కాబట్టి ఎయిర్‌ప్రింట్ ఉన్న మెషీన్ లైనక్స్‌లో డ్రైవర్ లేకుండా పనిచేయడం అదృష్టం మీద ఆధారపడిన విషయం కాదు.

తెలుగు వాళ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ పద్ధతిలో చాలాసార్లు పేజీ మొత్తం బొమ్మగా మారి ప్రింటర్‌కు వెళుతుంది. ఒత్తులు, గుణింతాలు తెరమీద ఎలా ఉన్నాయో కాగితం మీదా అలాగే పడతాయి.

ఇక జాగ్రత్తపడాల్సింది చవక లేజర్‌లతో. కొన్నింటిలో పేజీని తయారుచేసే తెలివి ప్రింటర్‌లో ఉండదు, ఆ పనంతా కంపెనీ ఇచ్చిన డ్రైవరే చేయాలి. "లైనక్స్ డ్రైవర్ ఉంది" అని స్పెసిఫికేషన్‌లో కనబడినా నాకు అది చాలదు. ఆ డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే తయారైతే వేరే తరహా ప్రాసెసర్ ఉండే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను ప్రింట్ సర్వర్‌గా పెట్టుకుంటే అందులో ఎక్కదు. కంపెనీ దాన్ని కొత్త వెర్షన్‌లకు మార్చకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసిన రోజే టెన్షన్ మొదలు.

ప్రింట్ సంగతి ఇంతే. అసలు పరీక్ష స్కానర్‌తో. ప్రింట్ బాగా వస్తోందని కొనేసి, స్కానర్ కనబడక ఇబ్బందిపడే ఆఫీసులు ఎక్కువ. స్కాన్‌కు అడగాల్సిన మాట ఈ-ఎస్‌సీఎల్, అంటే నెట్‌వర్క్ మీద డ్రైవర్ లేకుండా స్కాన్ చేసే పద్ధతి. ఎయిర్‌ప్రింట్ ఉన్న ఆల్ ఇన్ వన్‌లలో చాలావాటికి ఇది ఉంటుంది. అయితే ప్రింట్ గుర్తు చూసి స్కాన్ కూడా ఉందనుకోవద్దు. లైనక్స్ వైపు సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీ దీన్ని చూసుకుంటుంది. మోడల్ పేరు చేతిలో ఉంటే ఆ ప్యాకేజీ డాక్యుమెంటేషన్‌లో పరీక్షించిన పరికరాల జాబితా చూడండి. ప్రింట్‌కైతే ఓపెన్‌ప్రింటింగ్ సైటు, మోప్రియా జాబితా ఉన్నాయి.

పది మంది పనిచేసే ఆఫీసుకు నా సలహా ఇంకొకటి: స్కాన్ టు ఫోల్డర్ ఉన్నదే తీసుకోండి. మెషీన్ మీద బటన్ నొక్కితే పీడీఎఫ్ నేరుగా సాంబా ఫోల్డర్‌లోకి, అంటే లైనక్స్‌లోని సాంబా సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్‌లో అందరికీ పంచే ఫోల్డర్‌లోకి, వస్తుంది. కంప్యూటర్‌లో స్కాన్ సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. పోర్టు పనులు చూసే క్లియరింగ్ ఆఫీసుల్లో రోజంతా బిల్లులు, ఇన్వాయిస్‌లు స్కాన్ చేసేవాళ్లకు ఇదే సుఖం. పాత మెషీన్ అయితే మాత్రం, ఇలా ఫోల్డర్లు పంచుకునే ప్రొటోకాల్ ఎస్‌ఎంబీ రెండో వెర్షనో ఆ పైదో వస్తుందా అని అడగండి. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి మొదటి వెర్షన్ డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. ఒక్క ప్రింటర్ కోసం దాన్ని మళ్లీ తెరవడం భద్రతకు మంచిది కాదు.

దస్తావేజులు, కోర్టు కాగితాలు ఉంటే లీగల్ సైజు సంగతి మరవద్దు. చాలా ఏ4 మెషీన్లలో గాజు పలక ఏ4 వరకే, లీగల్ కాగితం పై ఫీడర్‌లోంచే వెళ్లాలి. సెకండ్ హ్యాండ్ ఏ3 జెరాక్స్ మెషీన్ తీసుకునేవాళ్లు పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే భాష) ఉందో లేదో కచ్చితంగా అడగండి. కొన్ని మోడళ్లలో అది విడిగా కొనాల్సిన భాగం. మన విశాఖ గాలిలో తేమకు కాగితం మెత్తబడి ఫీడర్‌లో ఇరుక్కుంటుంది. విప్పిన రీమ్‌ను కవర్లోనే ఉంచండి.

ఇప్పుడు అభ్యాసం. ఉబుంటు కొత్త వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా మీ లాప్‌టాప్‌లో బూట్ చేయండి. ఆ లాప్‌టాప్‌తోనే షాపుకు వెళ్లి, డెమో మెషీన్, లాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉండేలా చూడండి. గెస్ట్ వైఫై అయితే పరికరాలు ఒకదానికొకటి కనబడకపోవచ్చు, ఎందుకంటే అలాంటి వైఫైలో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా రూటర్ చాలాసార్లు ఆపేస్తుంది. అలాంటప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు రెండింటినీ కలిపి చూడండి. సెట్టింగ్స్‌లోని ప్రింటర్ల జాబితాలో ఏ డ్రైవరూ వేయకుండా మెషీన్ పేరు రావాలి. తెలుగు పీడీఎఫ్ ఒకటి రెండు వైపులా వేయండి. తర్వాత డాక్యుమెంట్ స్కానర్ తెరిచి ఫీడర్‌లో ఐదు కాగితాలు పెట్టి, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా వస్తాయో లేదో చూడండి. గాజు మీద స్కాన్ అయి ఫీడర్‌లోంచి కాకపోతే ఆ మెషీన్ వదిలేయండి.

షాపులో డెమో లేకపోతే, మోడల్ పేరు రాసుకుని పైన చెప్పిన జాబితాల్లో చూశాకే డబ్బు కట్టండి. వచ్చే పాఠంలో ఆ మెషీన్‌ను ఆఫీసుకు తెచ్చి, ఒక కప్స్ సర్వర్ నుంచి అందరి కంప్యూటర్లకూ పంచుదాం.