బాలింతకు తోడు – 4వ పాఠం: గుర్తులు నాలుగూ ఉన్నాయి, మరి చనుమొన ఎందుకు పగిలింది?

ఈసారి బిడ్డ తూకం గురించి చెప్పాలి. కానీ గత పాఠం ఇంకా తెగలేదు కాబట్టి తూకానికి చివర్లో నాలుగు ముక్కలే దక్కుతాయి.

బిడ్డ రొమ్మును సరిగ్గా పట్టుకుందనడానికి నాలుగు గుర్తులు: బిడ్డ నోరు బాగా తెరిచి ఉండాలి, కింది పెదవి బయటికి మడత పడాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, మొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింద కంటే పైన ఎక్కువ కనిపించాలి అని చెప్పుకున్నాం. నాలుగూ చూసి టిక్కు పెట్టామని, అయినా తల్లి పళ్లు బిగబట్టుకునే పాలిస్తోందని చాలామంది ఆశా కార్యకర్తలు అడిగారు.

తప్పులో సగం పాఠానిదే. ఏం చూడాలో చెప్పాను కానీ ఎప్పుడు చూడాలో చెప్పలేదు. మొదటి అరనిమిషం పట్టు బాగానే కనిపిస్తుంది. కాసేపటికి తల్లి చెయ్యి అలిసి కిందికి దిగుతుంది, దానితోపాటు బిడ్డా దిగుతుంది. అప్పుడు వలయం నోట్లోంచి జారిపోయి మొన ఒక్కటే చిగుళ్ల మధ్య నలుగుతుంది. మీరు టిక్కు పెట్టి పుస్తకం మూసేది సరిగ్గా ఆ సమయంలోనే.

అందుకని మూడుసార్లు చూడండి: పట్టుకోగానే, ఐదు నిమిషాలకు, వదిలేశాక. నన్నడిగితే మూడోదే అసలు పరీక్ష. నోట్లోంచి వచ్చిన మొన గుండ్రంగా ఉంటే మంచిది. అరగదీసిన బలపంలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే, నాలుగు గుర్తులూ కనబడినా పట్టు జారినట్టే.

"నొప్పిగా ఉందా?" అని మాత్రం అడగకండి. ఉందనే అంటారు. "ఎంతసేపు ఉంటోంది తల్లీ?" అనండి. "మొదట్లో చురుక్కుమంటుంది అక్కా, తర్వాత ఉండదు" అంటే తొలి రోజుల్లో అది మామూలే. తాగినంతసేపూ ఉందంటే పట్టు విడిపించి మళ్లీ పెట్టించాలి. బిడ్డను లాగేయకండి. తల్లి కడుక్కున్న చిటికెన వేలిని బిడ్డ నోటి మూలలోంచి చిగుళ్ల మధ్యకు పోనిస్తే పట్టు దానంతటదే వదులుతుంది. గోరు తీసి ఉండాలి.

చెయ్యి ఎందుకు జారుతుందంటే, చాలా ఇళ్లలో కారణం నులక మంచమే. నడుమ కుంగిన మంచం మీద కూర్చుంటే తల్లి ముందుకు వంగక తప్పదు. కింద చాప వేసి, వీపు గోడకు ఆనించి, మడిచిన దుప్పటి ఒడిలో పెట్టి, బిడ్డను రొమ్ము ఎత్తుకు తేవాలి. ఆపరేషన్ అయిన తల్లి అయితే పక్కకు తిరిగి పడుకునే ఇవ్వమనండి. రెండో కారణం బొంత. మందంగా చుట్టిన బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనదు. పాలిచ్చేటప్పుడు చుట్టు విప్పి, ఇద్దరికీ కలిపి పైన చీర కప్పండి.

ఇక కత్తెర పట్టు. ముక్కు మూసుకుపోయి ఊపిరాడదని అమ్మమ్మ రెండు వేళ్లతో రొమ్మును నొక్కి పట్టుకుంటుంది. దీన్ని మీరు కూడా చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. ఆ వేళ్లతో మూడు నష్టాలు. ఒకటి, అవి వలయాన్ని వెనక్కి లాగి మొనను నోట్లోంచి బయటికి తెస్తాయి. రెండు, నొక్కినచోట పాల దారి మూసుకుని, రోజూ అదే చోట నొక్కితే గడ్డ తేలుతుంది. మూడు, వేళ్లు అడ్డమై గడ్డం రొమ్ముకు ఆనదు. బిడ్డ ముక్కు చప్పిడిగా ఉంటుంది కాబట్టి రొమ్ముకు ఆనినా పక్కలనుంచి గాలి ఆడుతుంది. నిజంగానే ముక్కు కూరుకుపోయిందా? రొమ్మును ముట్టుకోకండి, బిడ్డ పిర్రలను తల్లివైపు దగ్గరికి జరపండి. తల కాస్త వెనక్కి వాలి ముక్కు బయటపడుతుంది. "పెద్దమ్మా, ఒక్కసారి చెయ్యి తీసి చూడు" అని అమ్మమ్మ చేతనే చేయించండి. చెబితే వినదు, కళ్లారా చూస్తే నమ్ముతుంది. రొమ్ము బరువుగా ఉంటే నాలుగు వేళ్లు కింద, బొటనవేలు పైన, వలయానికి దూరంగా పెట్టి మొయ్యాలి. తల వెనక చెయ్యేసి రొమ్ముకేసి నెట్టడం కూడా ఇలాంటిదే. నెడితే బిడ్డ వెనక్కి తన్నుకుంటుంది. మెడ, భుజాల దగ్గర పట్టుకోండి.

మూడు, నాలుగు రోజులకు రొమ్ము రాయిలా గట్టిపడితే వలయం బిగుసుకుని, బిడ్డకు పట్టే దొరకదు. అప్పుడు పంపు కొనమనకండి, చెయ్యి చాలు. బొటనవేలు, చూపుడువేలు వలయం అంచున పెట్టి, ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరికి నొక్కి వదలాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు. వలయం మెత్తబడేదాకా పిండి, వెంటనే పట్టించాలి. పిండిన పాలు పారబోయకుండా ఉగ్గుగిన్నెతో పట్టండి, సీసా వద్దు. పగిలిన మొనకు చివర్లో వచ్చే పాలచుక్క రాసి ఆరనివ్వండి. సబ్బు వద్దు. ఒకచోట ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపాలి. ఈలోగా పాలివ్వడం ఆపకూడదు.

తూకం: స్ప్రింగు త్రాసుకు ఉయ్యాలగుడ్డ తగిలించాకే సున్నాకు తెచ్చి, ముల్లు కంటి ఎత్తులో చూడండి. తొలి రోజుల్లో పదోవంతు దాకా తగ్గవచ్చు. 2.8 కిలోల బిడ్డ 2.55కు దిగితే కంగారు అక్కర్లేదు, 2.5 అయితే పంపాలి. రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, విరేచనం నలుపు పోయి పసుపుకు తిరిగితే పాలు అందుతున్నట్టే. ఇంటికి వెళ్లి బిడ్డను చూడాల్సిన 3, 7, 14, 21, 28, 42 రోజుల లెక్క మీకు కంఠతా వచ్చు, వదిలేస్తున్నా.

అభ్యాసం: మీరు వెళ్లబోయే మూడిళ్లలో, ఒక్కో ఇంట్లో బిడ్డ పట్టుకున్న దగ్గర్నుంచి తనంతట తాను వదిలేదాకా కూర్చోండి. ఒక్కోచోట అరగంట పట్టవచ్చు. బిడ్డమీద గానీ రొమ్ముమీద గానీ మీ చెయ్యి పడకూడదు, నోటిమాటతోనే సర్దాలి. ఐదో నిమిషంలో ఒక్క నిమిషంపాటు గుటకలు లెక్కపెట్టండి. వదిలాక మొన ఆకారం కాగితం మీద గీయండి. మూడు బొమ్మలూ పక్కన పెట్టుకునే వచ్చే పాఠం తెరవండి.