చెవి హోరెత్తిందా? మళ్లీ మోతలోకి వెళ్లకండి

పోయిన వారం తెలిసిన కుర్రాడొకడు వరుసగా రెండు రాత్రులు కచేరీలో స్పీకర్ల పక్కనే నిలబడ్డాడు. మొదటి రాత్రే చెవుల్లో గుయ్‌మని హోరు. ఎదుటివాళ్ల మాటలు దిబ్బడ వేసినట్టు వినిపించాయట. 'పొద్దుటికి తగ్గుతుందిలే' అనుకున్నాడు, మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్లాడు. ఇప్పటికీ ఆ హోరు పోలేదు. ఫోన్ కుడి చెవికి పెట్టుకుంటే అవతలివాళ్ల మాట తెలియడం లేదు. వరుసగా కచేరీలుండే రోజులు వస్తున్నాయని ఇది రాస్తున్నాను.

సౌండ్ తగ్గించుకోమని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే: హోరెత్తిన చెవితో మళ్లీ మోతలోకి వెళ్లకండి. వినికిడి చెడగొట్టుకుని నాకు ఎదురైనవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఇదే.

లోపల ఏం జరుగుతుంది

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో వచ్చే ఒత్తిడి అల. అది తగిలి కర్ణభేరి అదురుతుంది. దాని వెనకున్న మూడు బుల్లి ఎముకలు ఆ అదురును నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలోని ద్రవానికి అందిస్తాయి. అక్కడ ఒక్కో చెవిలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. ద్రవం కదిలితే వాటి మీది నూగు వంగుతుంది, ఆ కదలికే విద్యుత్ సంకేతంగా మారి నరం ద్వారా మెదడుకు చేరుతుంది. పెద్ద మోతకు ఆ నూగు గాలివానకు ఒరిగిన పైరులా అయిపోతుంది. విశ్రాంతి ఇస్తే కొంత తేరుకుంటుంది. తేరుకోకముందే మళ్లీ దెబ్బ తగిలితే కణమే చచ్చిపోవచ్చు. చచ్చిన రోమకణం స్థానంలో మనిషికి కొత్తది పుట్టదు. అందుకే రెండో రాత్రి గురించి ఇంతగా చెబుతున్నాను.

ఎంత మోత, ఎంతసేపు

మోతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. పనిచోట్ల కోసం అమెరికా నియోష్ సంస్థ చెప్పిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 100 దగ్గర పావుగంట. మూడే కదా అనిపిస్తుంది, కానీ అక్కడ శక్తి రెట్టింపవుతోంది.

ఇక మిగతావి:

దూది పనికిరాదు. ఫోమ్ ప్లగ్‌లు వాడండి.

ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టండి. ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచండి. పైపైన పెడితే పెట్టనట్టే.

వెనక్కి జరగండి. ఆరుబయట దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

చేయి చాపితే అందే మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందా? బయటికి రండి.

పసిపిల్లలను అసలు తీసుకెళ్లొద్దు.

'నాకు అలవాటే' అనొద్దు. చెవికి మోత అలవాటు కాదు. మునుపటంత మోతగా అనిపించడం లేదంటే వినికిడి పరీక్ష చేయించుకోండి.

చెవిలో నూనె పోయొద్దు.

హోరు ఉన్నంతకాలం ఇయర్‌ఫోన్స్ కూడా వద్దు. టికెట్ కొన్నా సరే, రెండో రోజు వెళ్లొద్దు.

ఒక చెవి హఠాత్తుగా వినిపించకుండా పోతే గులిమి అనుకుని కూర్చోవద్దు. ఆ రోజే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇలాంటప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఆలస్యమయ్యేకొద్దీ పనిచేసే అవకాశం తగ్గుతుంది.