పండక్కి బోర్డు లేపుతున్నారా, ప్రశ్నల ఫారం దగ్గర జాగ్రత్త

సంక్రాంతి సెలవులొస్తే చాలు, మనలో నలుగురైదుగురు అటక మీంచి పాత మెషీన్ దించి బీబీఎస్ (బులెటిన్ బోర్డ్ సిస్టమ్, జనం కాల్ చేసి చేరి మెసేజీలు, ఫైళ్ళు పంచుకునే కంప్యూటర్) లేపుతారు, కొత్త యూజర్లకి ఒక ప్రశ్నల ఫారం కూడా పెడతారు. పెట్టే ముందు పోయిన వారం నాకు తెలిసిన ఒకాయన బోర్డులో ఏమైందో వినండి.

ఏడు ప్రశ్నల ఫారం. నాలుగోది "ఫైల్ ఏరియా సర్దడానికి సాయం చేస్తారా, వై/ఎన్" (వై అంటే అవును, ఎన్ అంటే కాదు). వై కొడితే ఫారం నడిపే స్క్రిప్ట్ ఆ యూజర్ లెవెల్ పెంచి డిలీట్ హక్కు ఇచ్చేస్తుంది (అదసలు వేరే తప్పు, దాని తిట్లు కింద ఉన్నాయి). ఒక రాత్రి ఈయనకి ఐడియా వచ్చి నాలుగో చోట "స్క్రీన్ మీద రంగులు కనిపిస్తున్నాయా" అని కొత్త ప్రశ్న దూర్చాడు. స్క్రిప్ట్ మాత్రం పాత లెక్కలోనే నాలుగో జవాబు చూస్తోంది. ఇంకేముంది, రంగులు కనపడ్డ ప్రతివాడికీ డిలీట్ హక్కు. తెల్లారేసరికి ఎవరో కుర్రాడు, పాపం ఏ కీ ఏం చేస్తుందో చూద్దామని, ఒక ఏరియా మొత్తం ఊడ్చేశాడు.

ఫైళ్ళు బ్యాకప్‌లో దొరికాయి. దొరకనివి జవాబులు. జవాబుల ఫైల్ ఇలా ఉంది, పాత యూజర్‌వి:

4 వై
5 విజయవాడ

కొత్త యూజర్‌వి:

4 వై
5 ఎన్

పైన 4 అంటే సాయం, కింద 4 అంటే రంగులు. మార్చిన టైమ్ రాసుకోలేదు, జవాబులకి తేదీ లేదు, ఇక ఐదోది ఖాళీ వదిలేసినవాళ్ళలో ఎవరు దేనికి వై అన్నారో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఐదో చోట ఊరి పేరు పడితే పాత ఫారం అని ఊహించొచ్చు, ఉత్త నాలుగో వై/ఎన్‌ని ఎలా ఊహిస్తారు?

ఇది ఆయన ఒక్కడి తప్పు కాదు, నేను చూసిన ఫారాల్లో సగం ఇలాగే పాడయ్యాయి. క్విక్‌బీబీఎస్, రిమోట్‌యాక్సెస్ లాంటి పాత బీబీఎస్ ప్రోగ్రాంల కాలం నుంచీ పద్ధతి ఇదే. జవాబు ఒక నంబర్ గడిలో పడుతుంది, ఆ గడి టెక్స్ట్ ఫైల్ చివర అతుక్కుంటుంది. మీరు ప్రత్యేకంగా రాయించకపోతే ప్రశ్న అందులోకి వెళ్ళదు. కాబట్టి జవాబులు రావడం మొదలయ్యాక ప్రశ్నల నంబర్లు కదపొద్దు. కొత్త ప్రశ్న వస్తే చివర్లో పెట్టండి. తీసేసిన ప్రశ్న నంబర్ ఖాళీగా వదిలేయండి, ఇంకోదానికి ఇవ్వకండి. ఇంకా మంచిది, ఫైల్లో ఉత్త నంబర్ కాకుండా "సాయం=వై", "ఊరు=విజయవాడ" అని పేరుతో రాయించండి, పక్కన తేదీ. వరస మార్చి తీరాల్సిందే అంటే పాత జవాబుల ఫైల్‌కి తేదీతో పేరు మార్చి పక్కన పెట్టి, కొత్త ఫైల్ మొదలుపెట్టండి. స్క్రిప్ట్‌లో ఆ గడిని చూసే షరతులన్నీ వెతికి మార్చాకే.

రెండోది మన భాష తెచ్చే తంటా. "మీరు రూల్స్ చదవలేదా? వై/ఎన్" అని అడిగితే చదవనివాడు "అవును, చదవలేదు" అనుకుని వై కొడతాడు, ఇంగ్లీషులో ఆలోచించేవాడు అదే మాటకి ఎన్ కొడతాడు. తెలుగువాళ్ళకి పెట్టే ఫారంలో లేదా, కాదా, రాదా అని ముగిసే ప్రశ్న ఒక్కటి కూడా ఉండకూడదు. "చదివారా" అనండి, గొడవ వదిలిపోతుంది.

స్క్రీన్ సంగతి త్వరగా చెప్పేస్తా. 80 కాలమ్స్ ఉన్నాయని 80 నింపకండి, కొన్ని టెర్మినల్స్‌లో (యూజర్ బోర్డు చూసే ప్రోగ్రాంలలో) చివరి గడిలో అక్షరం పడగానే లైన్ కిందికి దూకుతుంది, 79తో ఆపండి. 25 లైన్లలో చివరిది స్టేటస్ బార్ తినేస్తుంది, ఎందుకైనా మంచిది 23తో సరిపెట్టుకోండి. గీతల డబ్బాలు సీపీ437లో (డాస్ కాలం అక్షరాల పట్టిక) గీసి యూటీఎఫ్-8లో (ఇప్పటి అక్షరాల పద్ధతి) ఉన్న పుట్టీ అనే టెర్మినల్లో చూస్తే చెత్త కనపడుతుంది, మామూలు కూడిక, తీసివేత గుర్తులతో డబ్బా గీస్తే ఎక్కడైనా నిలబడుతుంది. తెలుగు లిపి సీపీ437లో లేనే లేదు, యూటీఎఫ్-8 టెర్మినల్లో వచ్చినా వత్తులూ గుణింతాలూ గడి లెక్కకి లొంగవు, డబ్బా కుడి గోడ వంకర్లు పోతుంది. తెలుగు పెడితే డబ్బా లేకుండా పెట్టండి. 300 బాడ్ (సెకనుకి సుమారు 30 అక్షరాలు) మోడెం మీద నిండు స్క్రీన్ రావడానికి నిమిషం పైన పట్టేది, అందుకే పాతవాళ్ళు ప్రశ్న ఒక్క లైన్లో అడిగేవాళ్ళు. ఇప్పుడు స్పీడ్ ఉందని పేరాగ్రాఫ్‌లు రాయకండి, ఎవరూ చదవరు.

ఇక మిగతావి వరసగా, గుర్తొచ్చినట్టు:

పాస్‌వర్డ్, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఫారంలో అడగొద్దు. ఆ ఫైల్ ఉత్త టెక్స్ట్.

జవాబుల ఫైల్‌ని డౌన్‌లోడ్ ఏరియాలో పెట్టొద్దు. నవ్వకండి, పెట్టినవాళ్ళున్నారు.

ఉత్త ఎంటర్ కొడితే ఏమవుతుందో ముందే తేల్చండి. హక్కులు ఇచ్చే ప్రశ్నకి ఉత్త ఎంటర్ అంటే ఎన్.

ఫారం జవాబు చూసి డిలీట్ హక్కు ఇవ్వొద్దు. ఎవణ్ణి అడిగినా వై అనే కొడతాడు కదా స్వామీ! పైన బాకీ పెట్టిన తిట్టు ఇదే.

జవాబుకి పొడవు హద్దు పెట్టండి.

జవాబుల్లోంచి ఎస్కేప్ లాంటి కంట్రోల్ క్యారెక్టర్లు (కనపడకుండా స్క్రీన్‌కి ఆజ్ఞలిచ్చే అక్షరాలు) తీసేయండి. డాస్ రోజుల్లో ఆన్సీ.సిస్ (ఆ ఆజ్ఞల్ని పాటించే డ్రైవర్) లోడైన మెషీన్లో అలాంటి ఫైల్‌ని టైప్ కమాండ్‌తో చూస్తే చాలు, ఒక కీకి వేరే కమాండ్ అంటుకునేది. ఇప్పుడు అంత జరగదు గానీ మీ స్క్రీన్ కలగాపులగం అవుతుంది.

ఇద్దరు ఒకేసారి ఫారం నింపితే రెండు జవాబులూ కలిసిపోవచ్చు. ఫైల్ లాక్ ఉందో లేదో చూడండి, లేకపోతే ఒక్కో నోడ్‌కి (బోర్డుకొచ్చే ఒక్కో లైన్‌కి) ఒక్కో ఫైల్.

లైన్ మధ్యలో తెగితే సగం జవాబులు పడ్డాయా, అసలు పడలేదా? ఇంకో మెషీన్ నుంచి కొత్త యూజర్‌లా మీరే కాల్ చేసి ఐదో ప్రశ్న దగ్గర తెంపి చూడండి.

నంబర్లు కదపొద్దు. స్పెల్లింగ్ దిద్దుకోండి, పర్లేదు. అర్థం మారితే అది కొత్త ప్రశ్న, కొత్త నంబర్.

రాత్రి పదకొండు దాటాక స్క్రిప్ట్ ముట్టుకోవద్దు.

ముట్టుకుంటే ముందు బోర్డు దించండి, స్క్రిప్ట్, జవాబుల ఫైల్ రెండూ కాపీ తీయండి, అప్పుడు ముట్టుకోండి.